కిటికీలు మూసినా ఆగని లారీ మోత

ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. మేము మియాపూర్ దగ్గర ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉంటున్నాం. కిందటేడు మా వెనుక ప్లాటులో పెద్ద సూపర్‌మార్కెట్ ఒకటి తెరిచారు. దాని సరుకు దించే షట్టరు సరిగ్గా మా వెనుక పడకగది కిటికీ కింద ఉన్న గల్లీలోకి ఉంది. తెల్లవారుజామున మూడింటి నుంచి డీసీఎంలు, ఒక్కోరోజు పెద్ద లారీలు వస్తాయి. పాలు, ఐస్‌క్రీములు తెచ్చే ఫ్రీజర్ వ్యాన్లయితే సరుకు దించడం పూర్తయ్యేదాకా ఇంజిన్ ఆపవు. కిటికీలు మూసుకుంటే హమాలీల మాటలు వినపడటం లేదు గానీ, ఆ గుమ్మనే మోత మాత్రం దిండులోంచే వస్తున్నట్టు ఉంటుంది. ఆ గదిలో పడుకునే మా అత్తయ్యగారికి డెబ్భై దాటాయి. ఛాతీలో ఏదో అదురుతున్నట్టు ఉందంటారు. ఫోనులోని యాప్ 41, 42 డెసిబెళ్లకు మించి చూపించడం లేదు. స్టోర్ మేనేజరు అది చూసి, అంతా నిబంధనల లోపలే ఉందని చెప్పి పంపించేశారు. డబుల్ గ్లాస్ కిటికీలు పెట్టించమని ఒకరు, గోడలకు ఫోమ్ అంటించమని మరొకరు సలహా ఇస్తున్నారు. దేనికి డబ్బు ఖర్చు పెడితే ఫలితం ఉంటుంది? ఎవరికి ఫిర్యాదు చేయాలి?
– ఒక గృహిణి, మియాపూర్

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట, కిటికీలు మూస్తే మాటలు ఆగాయి కానీ మోత ఆగలేదన్నది. మీకు వచ్చిన సలహాలలో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో ఆ ఒక్క వాక్యమే తేల్చేస్తుంది. కాబట్టి కిటికీల వ్యాపారికి అడ్వాన్సు ఇవ్వకముందే ఈ సమాధానాన్ని ఇంటిల్లిపాదీ చదవాలని మా మనవి.

నాలుగు సిలిండర్ల డీసీఎం ఇంజిన్ నిలిచి ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 750 చుట్లు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో చుట్టుకు రెండు సిలిండర్లు మండుతాయి కనుక సెకనుకు 25 పేలుళ్లు, అంటే 25 హెర్ట్జ్ శబ్దం పుడుతుంది. దానితోపాటే 50, 75, 100 హెర్ట్జ్‌ల దగ్గర దాని రెండు, మూడు, నాలుగు రెట్లూ వస్తాయి. ఆరు సిలిండర్ల పెద్ద లారీ 600 చుట్ల మీద ఉంటే ఈ వరుస 30, 60, 90గా మారుతుంది. 50 హెర్ట్జ్ శబ్దపు తరంగదైర్ఘ్యం, అంటే ఒక్కో అల పొడవు, దాదాపు ఏడు మీటర్లు, మామూలు పడకగది పొడవుకు సుమారు రెట్టింపు. ఇంత పొడవైన తరంగానికి తెరలు, పరుపులు, మెత్తని అట్టలు అసలు అడ్డంకే కావు. దాన్ని ఆపగలిగేది బరువు ఒక్కటే. బోనాల ఊరేగింపు రెండు వీధుల అవతల ఉన్నప్పుడు డీజే పెట్టెల నుంచి పాట మాటలు మన దాకా రావు, గుమ్ గుమ్మనే దెబ్బ మాత్రమే వస్తుంది. మీ పడకగదిలో జరుగుతున్నదీ అదే.

యాప్ చూపించిన 42 డెసిబెళ్ల సంగతి చూద్దాం. ఇటువంటి యాప్‌లు, ప్రభుత్వ ప్రమాణాలు కూడా, ‘ఏ వెయిటింగ్’ అనే కొలమానాన్ని వాడతాయి. మనిషి చెవికి తక్కువ పౌనఃపున్యాలు, అంటే సెకనుకు తక్కువ కంపనాలున్న శబ్దాలు, మందంగా వినిపిస్తాయన్న లెక్కతో ఆ కొలమానం 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 30 డెసిబెళ్లను, 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెళ్లను తీసివేస్తుంది. అందువల్ల మీ గదిలో 50 హెర్ట్జ్ మోత నిజంగా 70 డెసిబెళ్లున్నా తెర మీద 40 మాత్రమే కనిపిస్తుంది. పైగా ఫోను మైకులు మనిషి గొంతు కోసం తయారైనవి కనుక అంత కింది శబ్దాలను సరిగా పట్టవు. చెవి స్వభావంలో మరో విశేషం ఉంది: తక్కువ పౌనఃపున్యాల దగ్గర శబ్దం వినపడటం మొదలయ్యాక, కొద్ది డెసిబెళ్లు పెరిగినా చాలా పెద్దగా తోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాలలో పడకగదికి 30 డెసిబెళ్ల పరిమితిని సూచిస్తూనే, కింది పౌనఃపున్యాల శబ్దం ఎక్కువగా ఉన్నచోట ఈ ‘ఏ వెయిటింగ్’ కొలత సరిపోదని స్పష్టంగా చెప్పింది. మీ అత్తయ్యగారు చెబుతున్నది ఊహ కాదు, పెద్దవయసు చాదస్తం అంతకన్నా కాదు. అయితే ఛాతీలో అదురు అన్నారు కనుక, కారణం లారీయేనని తీర్మానించుకోకుండా ఒకసారి వైద్యునికి కూడా చూపించండి.

సరైన కొలత కావాలంటే, కింది శబ్దాలను దాదాపు తీసివేయని ‘సీ వెయిటింగ్’ కూడా ఉన్న సౌండ్ లెవెల్ మీటరును అద్దెకో అరువుకో తెచ్చి, ఒకే చోట రెండు విధాలుగానూ చూడండి. ‘సీ’ కొలత ‘ఏ’ కొలత కన్నా 15, 20 డెసిబెళ్లు ఎక్కువగా వస్తే, అది కింది పౌనఃపున్యాల బాధేనని కాగితం మీద చూపించవచ్చు. అంతకన్నా ముందు, ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. లారీ నిలబడి ఉన్నప్పుడు అరచేతిని మొదట కిటికీ అద్దం మీద, తరువాత గోడ మీద, చివరకు నేల మీద ఆనించండి. అద్దం వణుకుతూ గోడ నిలకడగా ఉంటే మోత గాలి ద్వారా కిటికీలోంచి వస్తోందని అర్థం. నేల అదురుతుంటే, అదీ లారీ కదిలేటప్పుడు మాత్రమే అదురుతుంటే, గల్లీలో కుంగిన మ్యాన్‌హోల్ మూతో, ఎత్తయిన స్పీడ్ బ్రేకరో కారణమై ఉంటుంది. దానికి మీ నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేయాలే తప్ప కిటికీలు మార్చడం వల్ల ఉపయోగం లేదు. లారీ లేనప్పుడు కూడా మోత ఉంటే, స్టోరు మీద ఉన్న కోల్డ్ రూమ్ కంప్రెసరునో జనరేటరునో అనుమానించాలి.

చేతిని ఆనించినప్పుడు మరొకటి కూడా గమనించండి. చాలా ఇళ్లలో నిద్ర లేపేది లారీ మోత కన్నా, ఆ మోతకు ఇంట్లో ఏదో ఒకటి పలికే జిర్రుమనే చప్పుడు. స్లైడింగ్ కిటికీ గాడిలో అద్దం పక్కనున్న రబ్బరు బీడింగు ఎండి ముడుచుకుపోతే అద్దం వదులై పలుకుతుంది. మెష్ తలుపు చక్రం, బీరువా తలుపు, గూట్లో ఒకదాని మీద ఒకటి పెట్టిన స్టీలు పళ్లేలు కూడా అంతే. వేలితో నొక్కితే చప్పుడు ఆగిపోయే వస్తువును పట్టుకుని, దానికి కొత్త బీడింగో, సిలికానో, చిన్న రబ్బరు ముక్కో పెట్టించండి. ఇది అతి చౌకైన పని, అందుకే అందరూ మరిచిపోయే పని.

ఫోమ్ విషయంలో మా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతున్నాం: పైసా కూడా పెట్టకండి. అంగుళం, రెండంగుళాల ఫోమ్ గదిలోని పై స్వరాల ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గాని, బయటి నుంచి వచ్చేదాన్ని ఆపదు. 40, 50 హెర్ట్జ్‌లను పీల్చుకోవాలంటే దాని మందం మీటరున్నర నుంచి రెండు మీటర్ల దాకా కావాలి. అంత మందం పెడితే గదిలో మంచానికి చోటుండదు.

డబుల్ గ్లాస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే చాలామంది ఇక్కడ నష్టపోతున్నారు. బజారులో మామూలుగా దొరికేది 5 మిల్లీమీటర్ల అద్దాలు రెండు, వాటి మధ్య 12 మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీలోని గాలి స్ప్రింగులా పనిచేయడం వల్ల రెండు అద్దాలూ 200 హెర్ట్జ్ ప్రాంతంలో కలిసి ఊగుతాయి. అక్కడ ఒంటి అద్దం కన్నా ఎక్కువ శబ్దాన్ని లోపలికి వదలవచ్చు కూడా. అంతకన్నా కింద అవి రెండు అద్దాలుగా కాక, వాటి మొత్తం బరువున్న ఒకే అద్దంలా పనిచేస్తాయి. బరువు రెట్టింపయితే లెక్క ప్రకారం 6 డెసిబెళ్లు తగ్గాలి, నిజమైన ఇళ్లలో అంతకన్నా తక్కువే తగ్గుతుంది. అంటే హారన్లు, మాటలు తగ్గుతాయి గానీ మీరు రాసిన గుమ్మనే మోత చాలావరకు అలాగే ఉంటుంది. పైగా తక్కిన శబ్దాలన్నీ తగ్గినందువల్ల అదొక్కటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కిటికీలు మూసినప్పుడు మీకు కలుగుతున్న అనుభవం ఇదే.

కిటికీ మీదే ఖర్చు పెట్టదలచుకుంటే, ఉన్న కిటికీని తీసేయకుండా లోపలి వైపున రెండో కిటికీ పెట్టించండి. బయటి అద్దానికీ లోపలి అద్దానికీ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లోపలిది 8 మిల్లీమీటర్ల లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొరతో అతికించిన) అద్దమై ఉండాలి. రెక్క స్లైడింగ్ కాకుండా, తలుపులా తెరుచుకుని చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ మీద బిగుసుకునేదై ఉండాలి. ఇలా చేస్తే ఆ ఊగే స్వరం 200 నుంచి 60 హెర్ట్జ్ దరిదాపులకు దిగిపోతుంది, దానికి పైనున్న 90, 100, 125 హెర్ట్జ్‌ల మోత బాగా తగ్గుతుంది. 25, 50ల దగ్గర మాత్రం దీని వల్ల కూడా పెద్ద మార్పు ఉండదు. మీది కొత్త అపార్ట్‌మెంట్ అన్నారు. గోడలు ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు దిమ్మెలతో) కట్టినవైతే, తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడతో పోలిస్తే వాటి బరువు సగం కూడా ఉండదు. కాబట్టి కిటికీకి ఎంత చేసినా గోడలోంచి కొంత వస్తూనే ఉంటుంది. కిటికీల వ్యాపారి మీకు “80 శాతం శబ్దం తగ్గుతుంది” అని చెబితే, 63 హెర్ట్జ్ దగ్గర ఎన్ని డెసిబెళ్లు తగ్గుతుందో కాగితం మీద రాసివ్వమని అడగండి.

ఏసీ పైపు కోసం చేసిన రంధ్రం, తలుపు కింది సందు, కిటికీ చట్రానికీ గోడకీ మధ్య చీలిన పూత వంటివి పూడ్చుకోవడం మంచిదే. కాని స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే, దాని వెంటిలేటరును ఎట్టి పరిస్థితిలోనూ మూయవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని ప్రాణాలు పోయిన ఉదంతాలు ఉన్నాయి. నిద్ర కోసం చేసే ప్రయత్నం ఆ దారిలో వెళ్లకూడదు.

ఇక మంచం సంగతి. పైసా ఖర్చు లేకుండా ఈ రాత్రే చేయగలిగిన పని ఇదొక్కటే. పన్నెండడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర, పదకొండడుగుల వెడల్పులో 52 హెర్ట్జ్ దగ్గర శబ్దం రెండు గోడలకూ అటూ ఇటూ తగిలి వాటి మధ్య నిలబడిపోతుంది. డీసీఎం ఇంజిన్ 50 హెర్ట్జ్ మోత సరిగ్గా ఈ రెండింటి మధ్య పడుతోందని గమనించండి. ఇలా నిలబడిన శబ్దం గోడల దగ్గర, ముఖ్యంగా మూలల్లో, అత్యధికంగా ఉండి, గది మధ్యలో అతి తక్కువగా ఉంటుంది. మన ఇళ్లలో మంచం తలాపి ఎప్పుడూ గోడకో మూలకో ఆనించి ఉంటుంది గనుక, తల సరిగ్గా మోత ఎక్కువగా ఉన్నచోటే పడుతుంది. దిండును గోడ నుంచి నాలుగడుగులు ఇవతలికి జరిపితే, పన్నెండడుగుల దిశలో నిలబడిన ఆ స్వరం ఒత్తిడి సగానికి తగ్గాలి. లారీ వచ్చిన వేళ గదిలో మెల్లగా నడుస్తూ, ఎక్కడ మోత తగ్గిందో చెవితోనే వెతకండి. గది తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి వినండి. వీలుంటే అత్తయ్యగారిని రోడ్డు వైపు గదిలోకి మార్చండి. పగలు ఎంత రద్దీగా ఉన్నా, తెల్లవారుజామున మూడింటికి మీ ఇంట్లో ఆ గదే నెమ్మదిగా ఉండే అవకాశం ఎక్కువ.

ఇవన్నీ తట్టుకునే మార్గాలు. తగ్గే మార్గం గల్లీలోనే ఉంది, ఎందుకంటే ఇంజిన్ ఆపేస్తే 25 హెర్ట్జ్ నుంచి 100 హెర్ట్జ్ దాకా అన్నీ ఒక్క క్షణంలో ఆగిపోతాయి. అలాంటి ఫలితాన్నిచ్చే కిటికీ ఎక్కడా దొరకదు. స్టోర్ మేనేజరును నిందించి ప్రయోజనం లేదు. నగరంలో భారీ వాహనాల మీద పగటిపూట ఆంక్షలున్నందున సరుకు రాత్రి వస్తుంది, ఏ లారీ ఏ వేళకు రావాలో గోదాము వాళ్లు నిర్ణయిస్తారు. కాబట్టి మీ అపార్ట్‌మెంట్ సంఘం లెటర్‌హెడ్ మీద కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి రాసి, ఒక ప్రతిని స్టోరుకు స్థలం అద్దెకిచ్చిన యజమానికి పంపండి. వారం రోజుల పాటు ఏ వాహనం ఎప్పుడు వచ్చిందో, ఇంజిన్ ఎప్పుడు ఆపారో, హారన్ కొట్టారో లేదో రాసిన పట్టికను దానికి జతచేయండి. “శబ్దం తగ్గించండి” అని కాకుండా, వాళ్లు చేయగలిగిన పనులు అడగండి. దించే వేళ ఇంజిన్ ఆపాలి, తమ వంతు కోసం ఆగిన లారీలు గల్లీలో కాక మెయిన్ రోడ్డు వైపే ఉండాలి, ఇనుప ర్యాంపు కింద రబ్బరు మ్యాటు పరవాలి. ఫ్రీజర్ వ్యాన్లలో చిక్కు ఒకటుంది: చిన్న వాటిలో శీతలీకరణ కంప్రెసరు బండి ఇంజిన్ మీదే నడుస్తుంది కనుక డ్రైవరు ఆపలేడు. ప్లగ్గు పెట్టి కరెంటుతో నడిపే ఏర్పాటున్న వ్యాన్లకు షట్టరు దగ్గర ఒక పాయింటు ఇవ్వమనండి. అది లేనివాటిని ఉదయం ఆరు తరువాత రమ్మనండి. నిలబడిన లారీ గంటకు లీటరుకు పైగా డీజిల్ తాగుతుందన్న మాట కూడా ఉత్తరంలో రాయండి, మీ నిద్ర కన్నా ఆ లెక్క వాళ్లకు త్వరగా అర్థమవుతుంది.

వినకపోతే చట్టం ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమావళి ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతంలో 45, వాణిజ్య ప్రాంతంలో 55 డెసిబెళ్లు పరిమితి. దాన్ని 10 డెసిబెళ్లు మించితే ఫిర్యాదు చేయవచ్చని ఏడో నియమం చెబుతుంది. ఇవన్నీ ‘ఏ వెయిటింగ్’ కొలతలే కనుక మీ మోత వీటికి చిక్కకపోవచ్చు. ఆ అంకెల మీదే పోరాడితే మేనేజరు మాటే నెగ్గుతుంది. మీకు పనికొచ్చేవి వేరే రెండున్నాయి. 2010 సవరణ ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రివేళ, అత్యవసరమైతే తప్ప, హారన్ కొట్టకూడదు. దీనికి మీటరుతో పని లేదు. ఎనిమిదో నియమం ప్రకారం, ఏదైనా ప్రాంగణంలో జరిగే వ్యాపారపు శబ్దం జనానికి ఇబ్బంది కలిగిస్తోందని పోలీసు నివేదిక ద్వారా గాని, ఫిర్యాదుదారు ఇచ్చిన సమాచారం ద్వారా గాని నమ్మకం కలిగితే, అధికారి దాన్ని నియంత్రిస్తూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ అధికారం పోలీసు కమిషనరుకు, డీఎస్పీకి తగ్గని హోదా ఉన్న అధికారులకు ఉంది. కనుక మీ అర్జీని స్థానిక ఠాణాలో ఇచ్చి రసీదు తీసుకుని, ఒక ప్రతిని కమిషనరేటుకు, మరొకటి తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. అర్జీలో ఎనిమిదో నియమాన్ని పేరు పెట్టి ప్రస్తావించడం మరువకండి.

ప్రశ్న: మాది ఉప్పల్‌లో సొంత ఇల్లు. ఎదురుగా హోల్‌సేల్ దుకాణం ఉంది. ప్రహరీని ఎనిమిదడుగులకు పెంచి, వెంట అశోక చెట్లు నాటితే లారీల మోత తగ్గుతుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉప్పల్

సమాధానం: మీరు కింది అంతస్తులో పడుకుంటే హారన్లు, ఇనుప చప్పుళ్లు, దించేవారి కేకలు బాగానే తగ్గుతాయి. ఇంజిన్ మోత విషయంలో మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఎనిమిదడుగుల గోడ అంటే రెండున్నర మీటర్లు కూడా లేదు. ఏడెనిమిది మీటర్ల తరంగం దాని మీదుగా సులువుగా వంగి వచ్చేస్తుంది. మేడ మీద గది నుంచి లారీ కనిపిస్తుంటే గోడ ఉన్నా లేకున్నా ఒకటే. ఒక వరుస అశోక చెట్లు దుమ్మును కొంత ఆపుతాయి, లారీ కనపడకుండా చేస్తాయి, మోతను తగ్గించవు. మెట్లు, గేటు కట్టగా ఇటుక మిగిలి ఉంటే గోడ పెంచుకోండి. కేవలం ఇంజిన్ మోత కోసమైతే ఆ ఖర్చు చేయవద్దని మా సలహా.

ప్రశ్న: అద్దె ఇంట్లో ఉంటున్నాం, కిటికీలు మార్చలేం. రాత్రంతా ఫ్యాను ఎక్కువ వేగంలో పెట్టుకుంటే, లేదా చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుంటే సరిపోతుందా?
– ఒక ఐటీ ఉద్యోగి, కొండాపూర్

సమాధానం: ఫ్యాను హోరు మాటలను, హారన్లను కొంత కప్పేస్తుంది. కింది స్వరాలు పై స్వరాలను సులువుగా మరుగుపరుస్తాయి గాని, పై స్వరాలు కింది స్వరాలను అంతగా మరుగుపరచలేవు. అందుకే ఇంజిన్ మోత ఫ్యాను కింద నుంచి కూడా వినిపిస్తూనే ఉంటుంది. ఫోమ్ ఇయర్ ప్లగ్గులు సన్నగా నలిపి, చెవిని పైకి వెనక్కి లాగి లోపలి దాకా పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టి ఉంచితే మోతను కూడా కొంత తగ్గిస్తాయి. సగం బయటకు ఉండేలా పెడితే కింది శబ్దాలకు అవి పనికిరావు. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు సరిగ్గా ఈ తక్కువ పౌనఃపున్యాల దగ్గరే బాగా పనిచేస్తాయి, అయితే వాటితో పక్కకు తిరిగి పడుకోవడం కష్టం. ఇంట్లో పసిపిల్లలో, పెద్దవాళ్లో ఉంటే రెండు చెవులూ మూసుకోవద్దు. అలారం కోసం వణికే బ్యాండును చేతికి కట్టుకోండి, ప్లగ్గులను పెట్టె మీద రాసినన్ని రోజులకే మార్చండి, చెవిలో నొప్పో దురదో వస్తే వెంటనే మానేయండి.